ఏడు కిలోల సంచి

మూలవాక్యములు: హెబ్రీ 12:1, 2 తిమోతి 4:13



మన పెద్దలు పొట్ట చేతబట్టుకొని ఈ ప్రాంతములకు వచ్చినప్పుడు రైలులో ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, మంచినీళ్ల కూజాతో వచ్చిరి. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చినది మొదలు చౌక విమానములు పెరిగి, మనవంటి సామాన్యులును పెండ్లికి, చావుకు విమానమెక్కుచున్నాము. అయితే టిక్కెట్టు చౌకయైనను తూకము మాత్రము ఖచ్చితము. దేశములో తిరుగు ఇట్టి విమానములలో సాధారణముగా చేతిలో ఒక్క సంచి, 7 కిలోలు. లోపల వేయు పెట్టె 15 కిలోలు. మించినయెడల కిలోకింత అని రుసుము కట్టవలెను.

కొంతకాలము క్రిందట బరంపురములో మా అన్నగారు జబ్బుగా ఉన్నారని తెలిసి, మేమును మా ఇంటావిడయు బెంగళూరు నుండి భువనేశ్వరమునకు బయలుదేరితిమి. తండ్రిగారి ఇంటి వాటా విషయములో ఆయనకును మాకును ఏండ్ల తరబడి మాటలు లేవు. కౌంటరులో మా చేతిసంచి 9 కిలోలు తూగినది. పెద్ద పెట్టెలు అప్పటికే నిండియున్నవి. రుసుము కట్టుటకు మనసొప్పలేదు. సంచిలో అన్నగారి కొరకు కొన్న రెండు కిలోల మైసూరు పాకు ఉన్నది. దాని క్రింద ఇంటి దస్తావేజుల నకళ్లు, పన్ను రశీదులు, వకీలు నోటీసులు గల లావుపాటి ఫైలు ఉన్నది.

"ఏమండీ, ఆ కాగితాలు తీసేయకూడదా? బావగారికి మైసూరు పాకంటే ప్రాణం గదా" అన్నది ఆమె. మేము వినలేదు. మిఠాయి పెట్టెలు అక్కడ ఊడ్చుచున్న ఒక తల్లి చేతిలో పెట్టి, ఫైలుతో విమానమెక్కితిమి.

ఇంట అడుగు పెట్టగానే అన్నగారు మా చెయ్యి పట్టుకొని, "తమ్ముడూ, మైసూరు పాకు తెచ్చావా?" అని అడిగిరి. ప్రియులారా, మేము సంఘ పెద్దలమే, అనేకులకు బోధించినవారమే. ఆ మాటకు జవాబు చెప్పలేక తల వంచుకొంటిమి.

దీనినుండి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, దించవలసినది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో తుపానుకు చిక్కిన ఓడవారు మొదట సరకులను, తరువాత ఓడ సామగ్రిని, చివరకు గోధుమలను సముద్రములో పారవేసిరి. ఓడ పోయినది గాని 276 మందిలో ఒక్కరును నశింపలేదు. గోధుమలు చెడ్డవి కావు. అయినను ప్రాణములకంటె విలువైనవి కావు. మా ఫైలులోని కాగితములును అబద్ధములు కావు. న్యాయము మన పక్షమున ఉన్నప్పుడే బరువు దించుట కష్టము.

రెండవది, మోయవలసినది. మరణమునకు సమీపించిన పౌలు తిమోతిని అడిగినవి ఒక అంగీ, పుస్తకములు, ముఖ్యముగా చర్మపు కాగితములు. సమస్తము వదలుట భక్తి కాదు. అవసరమైనది ఎరుగుట భక్తి. మందులు, గుర్తింపు కార్డు చేతిసంచిలోనే ఉంచుకొందుము. పవర్ బ్యాంకును లోపలికి పంపు పెట్టెలో పెట్టనియ్యరు, చేతిసంచిలోనే తేవలెను. ఆలాగే ప్రేమను, క్షమాపణను ఇంకొకరిచేత పంపలేము. మనమే తీసికొని పోవలెను.

మూడవది, తూకము ఇంటనే వేసికొనవలెను. కౌంటరు దగ్గర వెనుక వరుస నిలిచియుండగా తొందరలో తీయునది తరచుగా తీయకూడనిదే. ప్రతి రాత్రి ప్రార్థనలో మన హృదయమును ప్రభువు త్రాసులో పెట్టుదము.

మరునాటి ఉదయము ఆ ఫైలును అన్నగారి కుమారుని చేతికిచ్చి, "దీనితో మాకిక పని లేదు నాయనా" అని చెప్పి, అందరము మోకరించి ప్రార్థించితిమి. తిరుగు ప్రయాణములో మా సంచి 5 కిలోలే తూగినది. రెండు నెలలకు అన్నగారు ప్రభువునందు నిద్రించిరి. సమాధానముతో వెళ్లిరి, దేవునికి స్తోత్రము. అయితే ఆ మైసూరు పాకు ఆయనకు తినిపించు అవకాశము మాకు మరల రాలేదు.

సహోదరీ సహోదరులారా, మీ సంచిలో అడుగున ఏమున్నది? ఈ వారమే తీసి చూడుడి. మాట్లాడని తమ్ముడుండవచ్చును, గడప తొక్కని అక్క ఉండవచ్చును. భారము మోయువారిని పిలిచిన ప్రభువు మనకందరికి తోడైయుండును గాక. ఆమేన్.