బాగా చెప్పారు సార్

ఒక లారీ, ఒక చిన్న కారు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. ఏది దేని మీద ఎక్కువ బలం చూపింది? న్యూటన్ మూడో నియమం కంఠతా వచ్చినవాళ్ళు కూడా లారీయే అంటారు. (నుజ్జయింది కారే కదా మరి!) నిజానికి రెండు బలాలూ సమానమే. కారు ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దెబ్బంతా దాని వేగం మీద కనబడుతుంది.

ఇలాంటి ప్రశ్నలతో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు ఒక పరీక్ష తయారుచేశారు. హార్వర్డులో మొదటి ఫిజిక్స్ కోర్సు చెప్పే ఎరిక్ మజూర్ అలాంటి ప్రశ్నల్నే తన క్లాసుకి ఇచ్చాడు. బాగా చెప్తాడని అప్పటికే ఆయనకి పేరు. పరీక్ష మధ్యలో ఒకరు అడిగారట: వీటికి మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని.

1990ల మొదట్లో ఆయన ఉపన్యాసం తగ్గించేశాడు. ఒక ప్రశ్న ఇస్తాడు. ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు పక్కవాళ్ళతో వాదించుకుని మళ్ళీ ఎంచుకోవాలి. నిన్ననే అర్థమైన కుర్రాడికి ఎక్కడ అడ్డుపడుతుందో గుర్తుంటుంది. ఇరవై ఏళ్ళుగా చెప్తున్న మాస్టారు అది ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు.

ఇంతవరకూ పేచీ లేదు. అసలు చిక్కు 2019లో హార్వర్డు నుంచే వచ్చిన మరో అధ్యయనంలో ఉంది. ఒకే విషయాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంగా చెప్పారు, కొందరి చేత పనిచేయించి నేర్పారు. చేసినవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు. కానీ ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది విన్నవాళ్ళు! అర్థమైన తృప్తి ఒకచోట, అర్థం కావడం మరోచోట. మరి అవతలివాడు అడగకుండా, అతని మంచికేనని, ఆ తృప్తి లాగేసుకునే హక్కు మనకెక్కడిది?

నేను చాలా ఏళ్ళు డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకి ఫిజిక్స్ చెప్పాను. ‘బాగా చెప్పారు సార్’ అనిపించుకోవడం నాకూ ఇష్టమే. ఆ తృప్తిలో సగం నాదే అని ఒప్పుకోవడానికి చాలా టైం పట్టింది. మజూర్ పద్ధతి మొదలుపెట్టిన రెండో వారం ఒకబ్బాయి స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. “ఇదివరకు మీరు బోర్డు మీద చెప్తే అర్థమయ్యేది సార్. ఇప్పుడు మమ్మల్నే చెప్పుకోమంటున్నారు.”

అది భ్రమ నాయనా అని చెప్పి పంపేయొచ్చు. చేదుమందు పోలిక కూడా నోటిదాకా వచ్చింది. కానీ మందు పనిచేస్తే జ్వరం తగ్గడం రోగికే తెలుస్తుంది. వీడికి తెలిసేది మార్కులు. మా యూనివర్సిటీ పేపరేమో నియమాలు రాసి వివరించమంటుంది. ఆ పేపరు లెక్కన వాడి ఫిర్యాదు భ్రమ కాదు. క్లాసు మార్చే అధికారం ఉండి, పేపరు మార్చే అధికారం లేని నేను, వాడి మార్కులతో పందెం కాస్తున్నాను.

మానలేదు. వారానికి ఒక గంటకి కుదించాను. మర్నాడు ఆ హార్వర్డు సంగతంతా క్లాసులో చెప్పాను, తక్కువ నేర్చుకున్నట్టు అనిపిస్తుందనీ ముందే చెప్పాను. ఇది మొదటిరోజే చెప్పాల్సిన మాట. తెలుగు మీడియం నుంచి వచ్చి నోరు విప్పని వాళ్ళని మాత్రం ఆ పద్ధతీ పూర్తిగా కదిలించలేకపోయింది. గట్టిగా మాట్లాడేవాడి తప్పు జవాబుకే చాలాసార్లు ఓట్లు పడేవి.

సెమిస్టర్ చివర్లో ఆ అబ్బాయే అడిగాడు: “లారీ ప్రశ్న ఎగ్జామ్‌లో వస్తుందా సార్?”

“రాదు. నియమం రాసి, బొమ్మ గియ్యి,” అన్నాను.