మరమ్మతుకు గడువెంత?

వేగం కోసం ప్రాసెసర్ ఒక చిన్న సాహసం చేస్తుంది. తర్వాత ఏ దారి పట్టాల్సి వస్తుందో ముందే ఊహించి, అటువైపు లెక్క మొదలెట్టేస్తుంది. ఊహ తప్పితే ఆ లెక్కను కొట్టేస్తుంది. ఇంటెల్ చిప్పుల్లో 1995 నాటి పెంటియమ్ ప్రో నుంచీ ఇదే పద్ధతి. అయితే కొట్టేసిన లెక్క ఏ సమాచారాన్ని తాకిందో ఆ జాడ కాష్ అనే చిన్న తాత్కాలిక జ్ఞాపకంలో మిగిలిపోతుంది. ఎంత సేపట్లో జవాబొస్తోందో కొలిచి, ఆ జాడ నుంచి రహస్యాన్ని రాబట్టవచ్చని 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే దాడులు చూపించాయి. రద్దు చేశాం కనుక జరగనట్టే అనుకున్న పని సాక్ష్యం చెప్పింది. దీన్ని తప్పు అనాలా? ఆదేశాల ఫలితాల వరకు చిప్పు సరిగ్గానే పనిచేసింది. మనం కూడా ఏళ్ల తరబడి దాని వేగానికే మురిసి డబ్బిచ్చాం.

మరమ్మతు రెండు చోట్ల జరగాలి. ఒకటి లినక్స్ కెర్నల్. అక్కడ పని బాహాటం. ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకుల ఆలోచన నుంచి పుట్టిన పేజీ టేబుళ్ల విభజన, గూగుల్ ఇంజనీర్ల రెట్‌పోలిన్ అనే ఉపాయం పాత యంత్రాలకూ అందాయి. రెండోది మైక్రోకోడ్, అంటే చిప్పు లోపలే నడిచే సూచనలు. అది తాళం వేసి, సంతకం పెట్టిన సరుకు. తయారీదారు తప్ప మరొకరు రాయలేరు. పైగా కరెంటు పోతే చెరిగిపోతుంది కనుక బూట్ అయిన ప్రతిసారీ మళ్లీ ఎక్కించాలి.

2018 ఏప్రిల్‌లో ఇంటెల్ కొన్ని పాత చిప్పు వర్గాలకు స్పెక్టర్ మైక్రోకోడ్ ఇక రాదని ప్రకటించింది. ఎన్నో కోర్ 2 డ్యుయో ల్యాప్‌టాప్‌లలో ఉన్న పెన్రిన్ వాటిలో ఒకటి. చెప్పిన కారణాల్లో ఒకటి, ఖాతాదారుల మాటను బట్టి ఇవి ఎక్కువగా బయటి ప్రపంచానికి మూసి ఉన్న వ్యవస్థల్లోనే ఉన్నాయని. సెకండ్‌హ్యాండ్‌లో కొని లినక్స్ వేసుకుని చదువుకునే కుర్రాణ్ణి ఆ లెక్కలో ఎవరు అడిగి ఉంటారు?

కంపెనీ పక్షాన కూడా చెప్పాలి. పదేళ్ల నాటి చిప్పుకు ఎల్లకాలం పూచీ పడమనడం న్యాయమా? తొందరపడి వదిలిన మైక్రోకోడ్ ఆ జనవరిలోనే కొన్ని యంత్రాలను వాటంతట అవే రీబూట్ అయ్యేలా చేస్తే, వాడకం ఆపమని వాళ్లే చెప్పాల్సి వచ్చింది. సరే, తాము చేయనప్పుడు తాళం చెవి ఇతరులకు ఇవ్వొచ్చుగా? ఇస్తే అది దొంగ చేతికీ దొరుకుతుంది. ఈ అభ్యంతరం గట్టిదే. కానీ యజమాని ఎన్నటికీ తెరవలేని వస్తువుపై అతనికున్నది ఎలాంటి యాజమాన్యం? నష్టం మాత్రం పూర్తిగా అతనిదే.

2019 మేలో, చిప్పు లోపలి బఫర్ల నుంచి సమాచారం కారిపోయే ఎండీఎస్ లోపాలు బయటపడ్డాయి. పెన్రిన్ యంత్రంలో కెర్నల్ వాటి గురించి చెప్పే వాక్యం చిత్రంగా ఉంటుంది: ముప్పు ఉంది, బఫర్లు ఖాళీ చేసే ప్రయత్నం చేశాం, మైక్రోకోడ్ లేదు. దీన్ని నిష్కామకర్మ అనబుద్ధేస్తుంది. అసలు కారణం మామూలుదే: వర్చువల్ మెషీన్‌లో నడుస్తున్నప్పుడు, కింది యంత్రానికి కొత్త మైక్రోకోడ్ ఉన్నా ఆ సంగతి పైకి తెలియకపోవచ్చు, అందుకని ప్రయత్నిస్తుంది. ల్యాప్‌టాప్‌లో నేరుగా నడిచేటప్పుడు కింద అలాంటి దాత ఎవరూ లేరు. అయినా కెర్నల్ ప్రయత్నిస్తుంది, ముప్పు తీరిందని మాత్రం రాయదు. మైక్రోకోడ్ ఇవ్వలేని వాళ్ల నుంచి ఇంతకంటే ఏం అడగగలం?