యొర్దాను ఆవలి నుండి వచ్చిన మాట



యెహోషువ గ్రంథము 22వ అధ్యాయము తెరచి చదువుకొనుడి. యొర్దాను ఆవల కాపురముండబోవు రెండున్నర గోత్రములవారు నదియొద్ద గొప్ప బలిపీఠము కట్టిరన్న మాట ఇశ్రాయేలీయుల చెవిని పడినది. చెప్పినదెవరో గ్రంథములో లేదు. వినుటతోనే జనులు యుద్ధమునకని షిలోహులో కూడిరి. అయితే కత్తి దూయకముందు ఫీనెహాసును, పదిమంది పెద్దలను పంపి కారణమడిగించిరి. ఆ పీఠము బలులకు కాదట! రాబోవు తరములో ఈవలి పిల్లలు ఆవలి పిల్లలను పరాయివారినిగా ఎంచుదురేమో అను భయముచేత సాక్ష్యముగా కట్టినదట.

తరములు విడిపోవునను ఆ భయము నేడు మన ఇండ్లలోను ఉన్నది. ఫోను దానికి కారణమందురు. పది పండ్రెండేండ్ల క్రిందట ఫేస్‌బుక్ అనగానే పెద్దలు అది కుర్రకారు రోగమని త్రోసివేయుచుండిరి. 2016లో జియో వచ్చి డేటా చవుకయైన పిమ్మట సంగతి తలక్రిందులైనది. కువైటులో పనిచేయు కూతురి ముఖము చూచుకొనుటకు తల్లి వాట్సాప్ నేర్చుకొన్నది. (దానిని మేమెన్నడును తప్పుపట్టము.) ఇప్పుడు కోడి కూయకముందే సంఘపు గ్రూపులో వందనములు పంపువారు తాతలే! పిల్లలు ఇన్‌స్టాగ్రాముకు పోయి, అక్కడను అందరియెదుట మాటలాడక, కొద్దిమంది స్నేహితులకే చూపుకొనుచున్నారు. ఏదో దాచుచున్నారని పెద్దల అనుమానము. తమ్మునడుగకయే తమ ఫొటోలు ఊరంతటికి పంపుచున్నారని పిల్లల ఫిర్యాదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదనియే మా తలంపు.

ఇంతకన్న బరువైన సంగతి వేరొకటి గలదు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాప్‌లో ప్రాకి, తెలంగాణలోను ఇతర రాష్ట్రములలోను నిర్దోషులు జనుల చేతులలో చచ్చిరి. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక్కనాడే అయిదుగురు. ఆ జూలైలోనే వాట్సాప్‌వారు మన దేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడిచేసిరి. పలుమారులు చేతులు మారిన సందేశమునకు రెండు బాణముల గురుతు కనబడును. 2020 ఏప్రిల్ నుండి అట్టిదానిని ఒకసారికి ఒక్కచోటికే పంపవీలగును.

ఆ బాణములను ఇంటిలో మొదట గమనించునది తొమ్మిదో తరగతి పిల్లయే. “తాతయ్యా, ఇది ఎవరు రాశారో తెలీదు, పంపకు” అని ఆమె యనగా, “నాకే పాఠాలు చెబుతావా?” అని గద్దించిన ఇండ్లు మాకు తెలియును. పుకారు మోయరాదని నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటనే ఆజ్ఞ యున్నది. తల నెరసినవారికి అందులో మినహాయింపు లేదు. పంపినవాడు విశ్వాసియే గదా అందురా? బెరయవారు పౌలు బోధనే లేఖనములతో సరిచూచిరి. ఎవరు వ్రాసిరో తెలియని చిట్కా వైద్యమును, ఎక్కడిదో తెలియని తగులబడిన మందిరపు ఫొటోను మనము సరిచూడనక్కరలేదా?

అట్లని పిల్లలందరు వివేకులని మేమనము. అర్ధరాత్రివరకు దుప్పటిలో రీల్సు చూచి, బడిలో కునికిపాట్లు పడువారిని ఎరుగుదుము. అయినను ఆ ఫోను లాగి నేలకు కొట్టిన తండ్రి ఫీనెహాసువలె నడిచినవాడు కాడు. ఆమె ఏమి చూచుచున్నదో, ఎవరితో మాటలాడుచున్నదో ప్రక్కన కూర్చుండి ఆయన ఒక్కనాడును అడుగలేదు.

మా సంఘములో వచ్చే నెల రెండవ ఆదివారము ఆరాధన పిమ్మట తాతలను, మనుమలను ఒకే చాపమీద కూర్చుండబెట్టుచున్నాము. ఫోనులు తెచ్చుకొనవచ్చును. రెండు బాణములు చూపించుట పిల్లల పని. పెద్దలు ఆ దినమున గద్దింపక ప్రశ్నలే అడుగవలెనని ముందుగా మాట తీసికొన్నాము.