మూగబోయిన ఇంజన్ విప్పే ముందు

చిన్నా,

నువ్వు పంపిన వీడియో చూశాను. నీ మోడల్ రైలు బండి హాయిగా కదులుతోంది, ముందు లైటు వెలుగుతోంది, మలుపుల్లో కూడా ఎక్కడా తడబడలేదు. గొంతు మాత్రం పెగలడం లేదు. స్పీకర్ పోయింది మామయ్యా, కొత్తది ఆర్డర్ పెడుతున్నా అన్నావు. ఒక్క రెండు రోజులు ఆగరా. స్పీకర్ పది డాలర్ల లోపు దొరుకుతుంది. దాన్ని మోగించే డీకోడర్ వంద డాలర్ల పైమాటే. పాతది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే, ఈసారి పోయేది డీకోడర్ కావచ్చు.

అసలు తప్పు స్పీకర్‌దేనా? అది ముందు తేల్చుకో. చాలా డీకోడర్లలో ఎఫ్8 నొక్కితే శబ్దం ఆగిపోతుంది. పాప కంట్రోలర్ పట్టుకుని ఆడిందన్నావు కదా, దాని వేలు తగిలి ఉండొచ్చు. తర్వాత వాల్యూమ్ చూడు. లోక్‌సౌండ్ డీకోడర్ అయితే అది సీవీ 63 అనే సెట్టింగ్‌లో ఉంటుంది. అదీ బాగానే ఉంటే సీవీ 8లో 8 రాసి ఫ్యాక్టరీ అమరికకు తీసుకెళ్లొచ్చు గానీ, నువ్వు ఓపిగ్గా సరిచేసుకున్న వేగాలూ లైట్లూ బండి నంబరూ అన్నీ చెరిగిపోతాయి. ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

ఇవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్ తియ్యి. బండిని పట్టాల మీద నుంచి ఎత్తి, మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి పైతొడుగు విప్పు. విప్పేటప్పుడు లాగకు. తొడుగుకు అంటుకుని లైట్ల వైర్లు ఉంటాయి. స్పీకర్ వైర్లలో ఒకదాన్ని విడదీసి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి స్పీకర్ రెండు కొనల మీద ఆనించు. 8 ఓమ్స్ స్పీకర్ అయితే మీటర్ 7 చిల్లర చూపిస్తుంది. 8 రాలేదేమని కంగారు పడకు. స్పీకర్ మీద రాసే అంకె శబ్దాన్ని మోసుకొచ్చే ఏసీ కరెంటుకు సంబంధించినది, మీటర్ కొలిచేది ఉత్త తీగ నిరోధాన్ని. మీటర్ ఏమీ చూపించకపోతే లోపలి కాయిల్ తెగినట్టే. మీటర్ లేదంటే ఒక పెన్సిల్ సెల్లు తీసుకుని రెండు కొనలకూ లిప్తకాలం తాకించు. బాగున్న స్పీకర్ ‘టక్’ మంటుంది. 9 వోల్టుల బ్యాటరీ మాత్రం పొరపాటున కూడా తాకించకు. 8 ఓమ్స్ మీద అది 10 వాట్లు తోసేస్తుంది. ఆ బుల్లి స్పీకర్ తట్టుకునేది ఒకటి రెండు వాట్లే.

స్పీకర్ పోయిందని తేలితే దాన్ని పారేయకు. వెలుతురులో పట్టుకుని చూడు. దాని పొర ఉల్లిపొరంత పలచన. వాల్యూమ్ చివరిదాకా తిప్పి నడిపితే ఆ పొర చిరుగుతుంది, లేదా కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. పొర కిందికి చూసేలా బిగించిన స్పీకర్ అయితే దాని అయస్కాంతం పట్టాల పక్కనున్న ఇనప రజనంతా పైకి లాక్కుంటుంది. అప్పుడు ముందు గరగరమని, తర్వాత మూగబోతుంది. ఈ రెండూ కాకపోతే వైర్లు చూడు. తొడుగు మూసినప్పుడు వైరు నలిగి, పైపూత చిట్లి, లోపలి రాగి ఛాసిస్ లోహానికి తగులుతోందేమో వెతుకు. నాకున్న భయమంతా దీని గురించే. సౌండ్ డీకోడర్‌లో స్పీకర్ వైర్లు రెండింటిలో ఏదీ ఎర్త్ కాదు. ఏ ఒక్కటి ఛాసిస్‌కు గానీ, లైట్లకు వెళ్లే నీలం వైరుకు గానీ తగిలినా ఆంప్లిఫయర్ పోతుంది. ఆ నలిగిన వైరుకే కొత్త స్పీకర్ అతికిస్తే ఏమవుతుందో నీకే అర్థమవుతుంది.

ఇక ఓమ్స్ సంగతి. నువ్వు బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి లోపల ఏ కాలం డీకోడర్ ఉందో చూడకుండా ఏదీ కొనకు. ఉదాహరణకు జర్మనీ కంపెనీ ఈఎస్‌యూ వాళ్ల లోక్‌సౌండ్ సంగతే చూడు. ఇప్పటి 5వ తరం 4 ఓమ్స్ నుంచి 32 ఓమ్స్ దాకా దేన్నయినా భరిస్తుంది. 4వ తరానికి 4 నుంచి 8. ఇంకా వెనకటి 3.5 మాత్రం 100 ఓమ్స్ స్పీకర్ కోసం చేసింది. ఇప్పుడు అంగట్లో దొరికే 8 ఓమ్స్ స్పీకర్ దానికి తగిలిస్తే కరెంటు పోటెత్తి డీకోడర్ మాడిపోతుంది. రెండు స్పీకర్లు పెట్టాలని సరదా ఉంటే, 8 ఓమ్స్‌వి రెండూ వరసగా కలిపితే 16, పక్కపక్కన కలిపితే 4 అవుతాయి. రెండింటి ప్లస్ గుర్తులూ ఒకే తీరుగా ఉండాలి. తిరగేస్తే ఒకటి తోసిన గాలిని ఇంకొకటి మింగేసి గొంతులో బరువు పోతుంది.

స్పీకర్ వెనక డబ్బా లేకుండా బిగించకు. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, నాకది బాధ. పొర ముందుకు కదిలితే ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. మధ్యలో గోడ లేకపోతే ఆ రెండూ అంచుల చుట్టూ తిరిగి కలిసిపోయి, శబ్దం ఊపిరి లేనట్టుగా వస్తుంది. మొబైల్ ఫోన్లలో వాడే 11 బై 15 మిల్లీమీటర్ల చిన్న స్పీకర్లు డబ్బాతో సహా దొరుకుతున్నాయి. నీది ఆరేడు అంగుళాలు దాటని చిన్న ఇంజన్ కాదు, ఆల్కో కంపెనీ పొడవాటి సెంచరీ 628 నమూనా. అందులో చోటుంది, పట్టినంత పెద్ద డబ్బా పెట్టు. డబ్బా అంచుల్లో సందు లేకుండా మూసెయ్యి.

ఎందుకింత పట్టుదల అంటావేమో. అసలు 628లో ఉండే ఆల్కో 251 ఇంజన్‌కు పదహారు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్. నిమిషానికి 400 చుట్ల మీద ఊరికే నిలబడి గురగురమంటుంటే సెకనుకు దాదాపు 53 సార్లు పేలుతుంది. అంత లోతు స్వరాన్ని అంగుళం లేని స్పీకర్ ఎలాగూ పలకలేదు. దాని పై స్వరాలు శుభ్రంగా వినిపిస్తే మన చెవే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఆ పై స్వరాలు చెడకుండా ఉండాలంటే డబ్బా కావాలి, వాల్యూమ్ మితంగా ఉండాలి. లోక్‌సౌండ్ 4, 5 తరాల్లో సీవీ 63 గరిష్ఠం 192 అయినా 80, 90 దగ్గర ఆపు. హాలులో కూర్చున్నవాళ్లకు వినిపిస్తే చాలు, పక్కింటివాళ్లకు అక్కర్లేదు.

ఇంకో మాట. కాజీపేటలో మీ అమ్మా నేనూ పెరిగినప్పుడు షెడ్డు నుంచి వినిపించిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్ల గుండెలోనూ ఇదే 251 ఉండేది. 2,600 హార్స్‌పవర్. 1962లో మొదటివి ఆల్కో నుంచే ఓడల్లో వచ్చాయి, తర్వాత వారణాసిలో తయారయ్యాయి. నీ 628ది 2,750. ఒకే ఇంటి బిడ్డలు. నువ్వు స్పీకర్ సరిగ్గా బిగిస్తే మీ అమ్మ వంటింట్లోంచి తల తిప్పి చూడాలి. చూడకపోతే డబ్బాలో ఎక్కడో గాలి పోతోందని అర్థం.

సోల్డరింగ్‌కు రోజిన్ ఉన్న సన్న తీగే వాడు. యాసిడ్ ఫ్లక్స్ జోలికి పోకు, నెలలు తిరక్కుండా రాగిని తినేస్తుంది. ఐరన్ కొన రెండు క్షణాలకు మించి ఆనించకు. కాయిల్ నుంచి వచ్చే వెంట్రుక తీగ వేడికి ఊడిపోతుంది. ఇంకోటి చాలామందికి తట్టదు. ఐరన్ కొనమీద ఇనప పూత ఉంటుంది, స్పీకర్ అయస్కాంతం దాన్ని తటాలున లాగుతుంది, పొర మీద చిల్లు పడుతుంది. అందుకని పొర మీద ఒక అట్టముక్క కప్పి, చెయ్యి బల్లకు ఆనించి పని చెయ్యి. అతుకు మీద హీట్ ష్రింక్ గొట్టం తొడుగు. స్పీకర్ అంటించడానికి సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి పొరను బిరుసు చేస్తుంది. సిలికాన్ చాలు, మళ్లీ ఊడదీయాలన్నా ఊడుతుంది. తొడుగు మూయకముందే ఒకసారి నడిపి విను, ఫ్లైవీల్‌కు వైరు తగలడం లేదని చూసుకో.

పాప పక్కన కూర్చుంటానంటే స్క్రూలు ఒక గిన్నెలో పెట్టి లెక్కపెట్టే పని ఇవ్వు. సోల్డర్‌లో సీసం ఉండొచ్చు, ఆ తీగ దాని చేతికివ్వకు, పొగ దాని వైపు పోకుండా కిటికీ తెరువు. అయిపోయాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

విప్పాక డీకోడర్ మీద రాసిన పేరు, మీటర్ చూపించిన అంకె, స్పీకర్ పట్టే చోటు పొడవు వెడల్పులు మూడూ నాకు మెసేజ్ పెట్టు. ఏది కొనాలో చెప్తాను. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య