ప్రమాదాల అధ్యాయం

2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. శ్రీశైలం నీళ్లు నల్లగొండ బీళ్లకు చేర్చాలని తవ్వుతున్న సొరంగం అది.

పాలమూరు, నల్లగొండల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు యంత్రాలు ఎంతకాలం నమ్మకంగా పనిచేస్తాయో నేర్పే రిలయబిలిటీ పుస్తకం కొనేటప్పుడు లెక్కలు ఎన్నున్నాయో చూస్తారు. పరీక్షకు అవి కావాలి, నిజమే. కానీ ఒక బేరింగు ఎన్ని గంటలు ఆగుతుందో చెప్పే లెక్కకు కొండ కడుపులోని నీటి జాడ తెలియదు. భాగాలన్నీ సరిగ్గా పనిచేస్తున్నా ప్రమాదం ఎలా జరుగుతుందో భద్రతా ఇంజినీరింగ్ నిపుణురాలు నాన్సీ లెవెసన్ ‘ఇంజినీరింగ్ ఎ సేఫర్ వరల్డ్’లో విడమరిచి చెప్పారు. ఆ పుస్తకాన్ని ఎంఐటీ ప్రెస్ నెట్‌లో ఉచితంగానే పెట్టింది.

ఏ రిలయబిలిటీ పుస్తకం చేతికొచ్చినా ముందు ప్రమాదాల అధ్యాయం తెరవండి. ముందే ఎవరు హెచ్చరించారు, ఆ మాట ఎవరి దాకా వెళ్లి ఆగిపోయింది అన్నది అందులో ఉంటే, కొనండి.