నిమిషానికో చుక్క

తడిసిన డైపర్‌ని పారేసే ముందు తూకం వేసే చోటు ఒకటుంది: నెలలు నిండకుండా వచ్చేసిన పిల్లల వార్డు. పొడి డైపర్ బరువు తీసేసి, మిగిలిన అంకెను సిస్టర్ చార్టులో రాస్తుంది. గ్రాముకి ఒక మిల్లీలీటరు. పసివాడి ఉచ్చకి ఇంత గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది!

27 వారాలకే పుట్టిన 900 గ్రాముల బిడ్డ అనుకోండి. ఒంట్లో నూటికి 80 పాళ్లు నీరే. దాన్ని పట్టి ఉంచాల్సిన చర్మం మాత్రం ఇంకా ఉల్లిపొరే. మామూలు గాలి సోకినా లోపలి నీరు ఆవిరైపోతుంది. అందుకే పుట్టగానే ఒళ్లు తుడవకుండానే మెడదాకా ప్లాస్టిక్ సంచిలో పెడతారు. ఆపైన ఇంక్యుబేటర్లో తేమ 80 శాతం దాకా నింపుతారు. బయట రోహిణి కార్తె ఎండలు కాస్తున్నా ఆ అద్దాల పెట్టెలో శ్రావణమాసమే.

మూత్రపిండాల కట్టుబడి 36 వారాల దాకా సాగుతుంది. మేస్త్రీలు పనిలో ఉండగానే గృహప్రవేశం అయిపోయిందన్నమాట.

అందుకే ద్రవాన్ని కొలిచి ఎక్కిస్తారు: మొదటిరోజు కిలోకి 80 మిల్లీలీటర్ల లెక్కన మనవాడికి రోజుకి 72, గంటకి 3. ఉగ్గుగిన్నె అడుగున ఆనదు. చుక్కల్లో చెబితే నిమిషానికి ఒకటి. బొడ్డులోంచి సన్నటి గొట్టం. సిరంజిని వెంట్రుకవాసి చొప్పున నెట్టే పంపు. ఎక్కువైతే గుండె దగ్గర మూసుకోవాల్సిన నాళం తెరిచే ఉండిపోవచ్చు, ఊపిరితిత్తులు చెమ్మగిల్లవచ్చు. తక్కువైతే రక్తంలో సోడియం 145 అనే హద్దు దాటిపోవచ్చు.

నాకు అన్నిటికన్నా అబ్బురం ఉప్పు సంగతి. మొదటి ఒకటి రెండు రోజులు అసలివ్వరు. అదనపు నీరు ముందు బయటికి పోవాలి, బరువు నూటికి పది పాళ్ల దాకా తగ్గాలి. చేతిలో ఉన్నది ఇవ్వకుండా ఆగడానికి ఎంత నిబ్బరం కావాలో!

"సిస్టరమ్మా, పిల్లాడు చిక్కిపోతున్నాడేంటమ్మా?" అని గుమ్మం దగ్గర అమ్మమ్మ.

"చిక్కాలి అమ్మమ్మా. ఒంట్లో నీరు పోతోంది."

మూడోరోజు తెల్లవారుజామున త్రాసు మీద డైపర్. పొడిగా ఉన్నప్పుడు 12 గ్రాములు, ఇప్పుడు 26. నాలుగు గంటల్లో 14 మిల్లీలీటర్లు! సిస్టర్ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, డాక్టరుకి ఫోన్ చేసింది. రక్తపరీక్ష చూసుకుని ఇక సోడియం కలుపుతారు. రోజంతటికీ కలిపి చిటికెడు కూడా ఉండదు.