ఉన్నది ఉన్నట్టే ఉంటే శాంతేనా?

తనది స్వతంత్ర రాజ్యమన్న నిజాంతో భారత ప్రభుత్వం 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం చేసుకుంది. ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నారు. మరి మా నల్గొండ తండాల్లో అప్పుడు ఉన్నదేమిటి? వెట్టి, దొర గడీ, రజాకార్ల దాడులు. ఉన్నట్టే ఉండాల్సినవి ఇవేనా?

ఏడాది నిండకుండానే, 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. తుపాకులు మాత్రం ఆగలేదు. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. ధర్మాపురం తండా జాటోతు ఠాను నాయక్ కుటుంబం భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. ఆయన్ను చంపింది 1950లో.

"రజాకార్లు పోయాక కూడా ఎందుకు చంపారు సార్?" అని తరగతిలో పిల్లలు అడుగుతారు. ఒప్పందంలో రక్షణ, విదేశీ వ్యవహారాలు, రాకపోకలు ఉన్నాయిగానీ ఆ భూమి ఊసే లేదని చెబుతాం.